చల్లపల్లి బస్సెక్కిన రిలీజ్

ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ముందు గుండె జారుతుంది, ఆ వెంటనే హమ్మయ్య అనిపిస్తుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో విజయవాడలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. ఖాళీ దొరికినప్పుడల్లా లైబ్రరీలకు పనికొచ్చే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి ఊడిగం చేసేదాన్ని. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, చేతనైనవాళ్ళెవరైనా బాగుచేయవచ్చు. దేశదేశాల నుంచి పాతికమందిమి ఈమెయిళ్ళలోనే కలుసుకుని పని చేసేవాళ్ళం.

అందరికీ కొత్త వెర్షన్ మీదే మోజు. పాతదాన్ని కనిపెట్టుకుని ఉండే పని నా నెత్తిన పడింది. ఒకరు లోపం చెబుతారు, ఇంకొకరు మరమ్మతు పంపుతారు, నేను అవన్నీ పరీక్షించి రెండు మూడు నెలలకోసారి మెయింటెనెన్స్ రిలీజ్‌గా వదలాలి. చిల్లుకి మాటు వేయాలి గాని గిన్నె వంపు మార్చకూడదన్నది నా నియమం. కొత్త హంగులు తెచ్చినవాళ్ళని మొహమాటం లేకుండా వెనక్కి పంపేదాన్ని. వెనకాల ఏమనుకునేవాళ్ళో నాకనవసరం.

వాడేవాళ్ళలో నేను కళ్ళారా చూసింది ఒక్కరినే. చల్లపల్లిలో చిన్న లైబ్రరీ నడిపే ఆవిడ. అక్కడ ఇంటర్నెట్ లేదు. అందుకని ప్రతి రిలీజ్‌నీ సీడీలోకి ఎక్కించి, ఏమేం మారాయో తెలుగులో ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి చల్లపల్లి బస్సు డ్రైవర్ గారి చేతికిచ్చేదాన్ని. బస్సు నంబరు ఫోన్లో చెబితే ఆవిడ వెళ్ళి తీసుకునేవారు. మా వైపు మందులూ పచ్చళ్ళూ పెళ్ళి జాకెట్లూ అన్నీ అలాగే ప్రయాణిస్తాయి.

ఆ రోజు పొద్దున్నే కవరు బస్సెక్కించి, కాలేజీకి వచ్చి ఈమెయిల్ తెరిచాను. ఎక్కడో పరాయి దేశపు లైబ్రరీ ఆయన రాశాడు, నిన్న వేసుకున్న మీ రిలీజ్ మా సభ్యుల్లో సగంమందిని తుడిచేసిందని. తప్పు ఎక్కడుందో వెతకనక్కర్లేదు. మూడేళ్ళుగా ఒక్క పుస్తకమూ తీసుకెళ్ళనివాళ్ళని జాబితాలోంచి తీసేస్తే వెతకడం వేగంగా సాగుతుందని ఒకతను చిన్న సదుపాయం పంపాడు. నాలుగు వరుసల కోడే కదా, అంత మర్యాదగా అడిగాడు కదా అని ఆ ఒక్కసారికి నా నియమం నేనే తప్పాను.

చల్లపల్లి ఆవిడ అంతకుముందు చెదలు తినగా మిగిలిన సభ్యత్వ దరఖాస్తుల్ని ముందేసుకుని, ఎండాకాలమంతా కూర్చుని సభ్యుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించారు. తర్వాత ఆ చెదల కాగితాల్ని తగలబెట్టేశారు. ఇంకో కాపీ తీసిపెట్టుకోమని నేను చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు సీడీ పెట్టి ఒక్క మీట నొక్కారంటే ఆ పేర్లు మళ్ళీ దొరకవు.

వెబ్‌సైట్లోంచి రిలీజ్ దింపేసి, వేసుకోవద్దని అందరికీ రాసి, చల్లపల్లికి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. క్లాసు పక్కావిడకి అప్పజెప్పి స్కూటర్ తీశాను. ఉయ్యూరులో బస్సు కాసేపు ఆగుతుంది, అక్కడ పట్టుకోవచ్చని ఆశ. కంకిపాడు దాటాక చెరకు బళ్ళ వెనక ఇరుక్కుపోయాను. బస్టాండు చేరేసరికి బస్సు వెళ్ళిపోయి చాలాసేపైందట.

"ఏంటమ్మా అంత కంగారు? బస్సులో పిల్లనేమన్నా మర్చిపోయారా?" అన్నారు అక్కడి కంట్రోలర్ గారు.

నవ్వే ఓపిక లేదు. బూత్ నుంచి మళ్ళీ ఫోన్ చేస్తే ఈసారి ఎంగేజ్. నన్ను నేను తిట్టుకుంటూ మళ్ళీ స్కూటర్ ఎక్కాను.

లైబ్రరీలోకి చెప్పులతోనే పరిగెత్తాను. కంప్యూటర్ తెర వెలుగుతోంది. దాని ముందు ఆవిడ నా కాగితం పట్టుకుని కూర్చున్నారు.

"వేసేశారాండీ?" అన్నాను గుమ్మంలోంచే.

"లేదండీ. ఇందాకట్నుంచి మీ కాలేజీకే ఫోన్ చేస్తన్నాను, మీరు లేరంటన్నారు. అన్నీ బానే ఉన్నాయిగానీ ఈ నాలుగోది నాకు మింగుడు పడలేదండీ. అక్కర్లేని సభ్యుల్ని తీసేస్తదని రాశారు. అక్కర్లేనోళ్ళంటే ఎవరండీ?"

బెంచీ మీద కూలబడ్డాను. హమ్మయ్య, హమ్మయ్య అని పైకే అనేశాను. నిజం చెప్పాలంటే ఆ కాగితాన్ని ఎవరైనా చదువుతారని నేనెప్పుడూ అనుకోలేదు. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చారు. గ్లాసుడూ గటగటా తాగేశాను.

"మూడేళ్ళుగా పుస్తకం ఇంటికి తీసుకెళ్ళనివాళ్ళండీ," అన్నాను నసుగుతూ. "తప్పు నాదే. ఆ సీడీ ఇచ్చేయండి, మంచిది చేసి పంపిస్తాను."

ఆవిడ సీడీ నా చేతిలో పెట్టి పక్క గదివైపు చూశారు. కిటికీ దగ్గర ఒక పెద్దాయన కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని లావుపాటి పుస్తకం చదువుకుంటున్నారు.

"ఆయన పదేళ్ళ నుంచీ రోజూ వస్తారండీ. ఒక్కటి కూడా ఇంటికి పట్టుకెళ్ళరు, ఇక్కడే కూర్చుని చదువుకుంటారు," అన్నారావిడ. తర్వాత గొంతు బాగా తగ్గించి, "కాస్త నెమ్మదిగా మాట్లాడుకుందామండీ. ఆయనకి ఇబ్బంది," అన్నారు.