మూడో దెబ్బ పడేదాకా

రెండు వేల దశకం మొదట్లో ఒక డిసెంబరు. అనంతగిరి దగ్గర మా ఇంటి వాకిట్లో ఎండిన చోడి, అంటే రాగి, వెన్నులను కర్రతో కొడుతున్నాను. ఆనాటి డైరీలో ఉన్నది అంతే. అరుగు మీద జరిగింది రాసుకోలేదు గానీ బాగా గుర్తుంది.

నా కొడుకు కూతురు, సెలవులకు విశాఖ నుంచి వచ్చిన నా కూతురి కొడుకు చెరో గేమ్ మిషను పట్టుకుని కూర్చున్నారు. రెండింటినీ ఒక తీగతో కలిపి, తాము పెంచిన వింత జంతువులను తెర మీద పోరాడిస్తున్నారు. ఓడినవాళ్లు తమ ఆఖరి జంతువును ఆ తీగ గుండానే ఇచ్చెయ్యాలని పందెం. మనవరాలు తన ఆఖరిదాన్ని గుడ్డు దశ నుంచి పెంచింది.

చివరికి ఇద్దరికీ ఒక్కోటే మిగిలింది. మనవడు తనదాని ముందు ఒక బొమ్మను అడ్డం నిలబెట్టాడు.

"తాతా, పెద్ద దెబ్బ ఒకటి కొట్టనా, సిన్న దెబ్బలు వరసగా కొట్టనా?" అని అడిగింది మనవరాలు.

"పెద్దదే కొట్టు. బేగి తేలిపోద్ది."

"ఏటి తాతా నువ్వు! పెద్దది బొమ్మకి తగిలి ఆగిపోద్ది. సిన్నవైతే మొదటిది బొమ్మని ఇరగ్గొడతాది, మిగతావి బావదానికి తగులుతాయి."

"ఎన్ని పడతాయి?"

"రెండు పడొచ్చు, అయిదు పడొచ్చు. ఎక్కువసార్లు రెండో మూడో."

"రెండే పడతాయి, నీ మొహానికి," అన్నాడు మనవడు.

"నీ మొహం సూసుకో బావా."

"రెండూ సాలకపోతే ఇంకోటి కొట్టే గుంటా," అన్నాను మనవరాలితో.

"మజ్జలో కొట్టడానికి ఉండదు తాతా. ఒక్కసారే సెప్తాం. ఎన్ని కొడతాదో దానిష్టం."

అది నాకు మింగుడుపడలేదు. నేను వెన్నును కొట్టి, తిరగేసి చూసి, గింజ మిగిలితే మళ్లీ కొడతాను. ఎప్పుడు ఆపాలో నా చేతికి తెలుసు. ఆ పిల్ల మాత్రం ఒక్కసారి బటన్ నొక్కి కళ్లు మూసుకుంది.

మొదటి దెబ్బకు బొమ్మ ఎగిరిపోయింది. రెండోదానికి మనవడి జంతువు ప్రాణం చూపే గీత ఎర్రబడి వెంట్రుకంత మిగిలింది. ఎత్తిన కర్ర ఎత్తినట్టే పట్టుకుని నిలబడ్డాను. మూడో చప్పుడు వినిపించింది. అది కూలిపోయింది.

"లక్కు," అంటూ మనవడు తీగ పీకబోయాడు.

మనవరాలు అప్పుడు కళ్లు తెరిచింది. "పీకీకు బావా! ముందు నీదిచ్చీ."