అమ్మ చేతులు ఆగిపోయాయి

ఎనభైల్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, ప్రత్తిపాడులో జరిగిన స్వస్థత కూటంలో పుట్టుచెవిటిదాన్నైన నన్ను అమ్మ వేదిక ఎక్కించింది. బోధకుడు నా చెవుల్లో వేళ్లు పెట్టి ప్రార్థించి, ఏదో పలకమన్నాడు. చెవిటిబడిలో నేర్పినట్టు ఆయన పెదాలు చూసి అలాగే పలికాను. జనం లేచి చప్పట్లు కొట్టారు. అమ్మ ఆనందంతో ఏడ్చింది. ఆ చప్పట్లు కూడా నాకు వినపడలేదు.

అంతకుముందు మిరపచేలో అమ్మా నేనూ చేతులతోనే ఊరి కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లం. కూటం మర్నాడు దాహమని సైగ చేస్తే నా చేతుల మీద కొట్టింది.

“చేతులు తిప్పావంటే దేవుణ్ణి నమ్మనట్టేనే! నోటితో అడుగు” అందట. అక్క చాటుగా సైగలతో చెప్పింది.

ఆ తర్వాత అమ్మ నాతో ఒక్క సైగ కూడా చెయ్యలేదు. పోయేముందు నా వైపు తిరిగి ఏదో చెప్పింది, నోటితోనే. నాకు అర్థం కాలేదు. స్వస్థత పొందినదాన్ని కదా, విన్నాననుకునే కళ్లు మూసి ఉంటుంది.