పాలిథిన్ వేరు, పాలీఎథిలీన్ వేరట

మా పెద్దమ్మ కూతురు ఓబుళమ్మకు వేంపల్లె దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. పోయిన నెల ఫోన్ చేసి, "నువ్వు పిల్లోళ్లకు కెమిస్ట్రీ చెప్తాండావు గదా, పాలిథిన్ వేరు, పాలీఎథిలీన్ వేరా?" అని అడిగింది. రెండూ ఒకటే అన్నాను. "అయితే ఈడికొచ్చి ఆ మాట ఇంజనీరుకు చెప్పిపో" అంది.

తోటలో తవ్విన నీటి గుంట అడుగున పరచడానికి అక్క ప్లాస్టిక్ పట్ట కొంది. గుంటకు ప్రభుత్వ సాయం మంజూరైన కాగితంలో పాలీఎథిలీన్ అని ఉంది, దుకాణం బిల్లులో పాలిథిన్ అని ఉంది. తనిఖీకి వచ్చిన ఇంజనీరు పట్టను విప్పనైనా విప్పకుండా, ఇది వేరే సరుకు, పరిస్తే మంజూరు రద్దవుతుందని చెప్పి వెళ్లిపోయాడట. ఆ తర్వాతి మూడు వారాల్లో ఒకే ఒక్క పెద్ద వాన పడింది. నిండిన గుంట నాలుగు రోజుల్లో ఇంకిపోయింది.

కర్నూలులో ఉదయం ఐదున్నరకు బస్సెక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప చేరేసరికి పదిన్నర దాటింది. టికెట్టు మూడు వందల పైచిలుకు. అదే బస్టాండులో పులివెందుల బస్సు పట్టుకుంటే గంటన్నరలో వేంపల్లె. అక్కడి నుంచి తోటకు ఆటో నూట యాభై. నేను వచ్చిన పని విని డ్రైవరు మాబాషా, "వాన పడేదే యాడాదికి నాలుగు సార్లు గదన్నా. అది గూడా ఒక మాటకు పోగొట్టుకుంటే ఎట్ల?" అన్నాడు.

తోటలో ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. బోరు ఎప్పుడో ఎండింది. అక్క ఫోన్ చేసి పిలిస్తే రెండు గంటలకు ఇంజనీరు వచ్చాడు. పాలిథిన్ అనేది వాడుకలోని పొట్టి పేరనీ, పాలీఎథిలీన్ రసాయన శాస్త్రంలోని పేరనీ, పదార్థం ఒకటేననీ చెప్పాను. పాలిథిన్ అంటే కూరగాయల సంచి కదా అన్నాడు. ఆ సంచీ ఇదే పదార్థం, చూడవలసింది మందం అని చెప్పి, పట్ట చుట్ట మీది చీటీ చూపించాను. మంజూరు కాగితంలోని మందమే దాని మీదా ఉంది. అయినా తనకు కాగితంలో ఉన్న మాటే కావాలన్నాడు. నాకు బాగా కోపం వచ్చింది.

అక్క గొంతు పెంచలేదు. ఒక తెల్ల కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఈ రెండూ వేర్వేరు అని రాసి సంతకం పెట్టు సారూ. ఇంకో పట్ట నేనే తెచ్చుకుంటా."

ఆయన ఆ కాగితాన్ని పక్కకు జరిపి లేచి, మొదటిసారిగా పట్టను విప్పించి మందం కొలిచి, మంజూరు కాగితం మీద సంతకం చేశాడు. మొత్తం పది నిమిషాలు. పొరపాటైందని ఒక్క మాట అనలేదు. ఆయన వెళ్లగానే చుట్టుపక్కల రైతులు ఆరుగురు వచ్చి, పొద్దుగూకే లోపు పట్ట పరిచేశారు.

అక్క సంతోషించింది. నాకు మాత్రం కోపం ఇంకా తగ్గలేదు. ఈలోపు నీళ్లు లేక పదకొండు చెట్లు చచ్చిపోయాయి. ఇంగ్లీషు మాట తెలియకపోవడం తప్పు కాదు, నాకూ తెలియనివి శానా ఉన్నాయి. తెలియనిదాన్ని ఎవరినీ అడగకుండా, అదే చట్టమన్నట్టు ఒక రైతు నెత్తిన రుద్దడం తప్పు. మీరూ గుంటకు పట్ట కొనడానికి వెళ్తుంటే మంజూరు కాగితం వెంట తీసుకెళ్లి, అందులోని పేరునూ మందాన్నీ అక్షరం తేడా రాకుండా బిల్లులో రాయించుకోండి.