టింగమ్మ చెంచా

మా అమ్మది చిన్న గొంతు. పెద్దదైతే ఎలా ఉండేదో ఊహించుకోవడానికే నాకు భయం, ఎందుకంటే ఆ చిన్న గొంతుతోనే ఇంటిల్లిపాదినీ ఆడించింది. ఏళ్ల తరబడి ఒక ఆఫీసులో, మెట్ల కింద ఇరుకు గదిలో, టీ కాచింది. టీ అయిందని పైకి కేకెయ్యడం ఆవిడ వల్ల అయ్యేది కాదు. చెంచాతో గ్లాసు అంచు మీద రెండు దెబ్బలు కొట్టేది. టింగ్ టింగ్. ఫైళ్ల మీద కునుకు తీస్తున్నవాళ్లు కూడా కళ్లు నులుముకుంటూ దిగి వచ్చేవాళ్లు. అలా అక్కడ ఆవిడ పేరు టింగమ్మ అయిపోయింది. పని మానేసిన రోజున ఆ చెంచా ఇంటికి తెచ్చుకుంది. అడిగి తెచ్చుకుందో, అడక్కుండా తెచ్చుకుందో నేను ఆరా తియ్యలేదు.

ఆ చెంచాతోనే నా మేనకోడలు బతికింది. ఆ చెంచా వల్లే దాని నోరు పాడైపోతుందేమోనని మేమంతా ఆస్పత్రిలో వణికిపోయాం కూడా.

తమ్ముడికి పాప పుట్టినప్పుడు పెదవి బాగుంది, ముక్కు బాగుంది, అందరం సంబరపడ్డాం. మొదటిసారి పాలు పట్టగానే అవి ముక్కులోంచి బయటికి వచ్చేశాయి. డాక్టరమ్మ టార్చి వేసి చూసి, అంగిట్లో చీలిక ఉందని చెప్పింది. నోటి పైకప్పు మధ్యలో తెరుచుకుని ఉంది. అందుకని పాప ఎంత చప్పరించినా పాలు రావు, నోట్లో పోసినవి ముక్కుదారి పడతాయి. "కాస్త బరువు పెరగనివ్వండి, ఆపరేషన్ చేసి కుట్టేస్తాం. అప్పటిదాకా పాప కడుపు నింపడం మీ పని," అంది.

చూడటానికి వచ్చినవాళ్లు తలా ఒక మాట పడేసి పోయారు. "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందా?" అని ఒకావిడ దీర్ఘం తీసింది. నాకు ఒళ్లు మండిపోయింది. "గ్రహణం పట్టింది మీ బుర్రకి," అన్నాను. ఆవిడ మళ్లీ మా గడప తొక్కలేదు, ఆ లోటు మాకు ఏనాడూ తెలియలేదు.

పాలు పట్టే పని అమ్మ తన మీద వేసుకుంది. పాపని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకునేది. ముక్కు కింద మెత్తటి పాత గుడ్డ పట్టేది. గిన్నె అంచు మీద చెంచాతో టింగుమనిపించి, బుగ్గ పక్కనుంచి కొంచెం పాలు జార్చేది. మింగేదాకా ఆగేది. సగం లోపలికి పోతే సగం ముక్కులోంచి గుడ్డ మీదకి వచ్చేవి. తుడిచి, మళ్లీ టింగ్. ఒక పూట పాలు పట్టడం పూర్తయ్యేసరికి రెండో పూట నెత్తిమీదకి వచ్చి కూర్చునేది. కొన్నాళ్లకి పాప ఆ చప్పుడు వినగానే నోరు బార్లా తెరవడం నేర్చుకుంది. దానికి పిచ్చుక అని పేరు పెట్టింది నేనే.

మా మరదలిది బట్టల ఫ్యాక్టరీలో కుట్లు చూసే ఉద్యోగం. చొక్కా తిరగేసి పట్టుకుని, ఒక్క కుట్టు జారినా పక్కన పడేస్తుంది. ఇంటికొచ్చాక మనుషుల్ని కూడా అలాగే తిరగేస్తుందని మా తమ్ముడి గోడు. ఒకరోజు పాలు తనే పట్టబోయింది. పిచ్చుకకి పొలమారింది, ఊపిరి తిరక్క మొహం నీలంగా మారింది. అమ్మ చటుక్కున పిల్లని లాక్కుని, వీపు నిమురుతూ, "నీకు చేతకాదు, అవతలికి జరుగు," అంది.

కన్నతల్లిని పట్టుకుని అనాల్సిన మాట కాదది. మా అమ్మే కదా అని నేను వెనకేసుకు రాను. మరదలు వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత మళ్లీ చెంచా ముట్టుకోలేదు. ఫ్యాక్టరీకి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు పిల్లని ముద్దు పెట్టుకునేది, అత్తగారితో అవసరమైనంత వరకే మాట్లాడేది. మా తమ్ముడు ఇద్దరి మధ్యా పిల్లిలా తిరిగేవాడు.

పిచ్చుక ఒళ్లు చేసింది. ఆపరేషన్ అయింది. అంగిలి చక్కగా కలిసిందని, ఇకపై జాగ్రత్తంతా మీ చేతుల్లోనే ఉందని డాక్టరమ్మ చెప్పింది. వేళ్లు నోట్లో పెట్టుకోకుండా పాప రెండు మోచేతులకీ అట్టలు కట్టారు. వార్డు సిస్టర్ మా నలుగురినీ మంచం చుట్టూ నిలబెట్టి, "కుట్లు మానేదాకా నోట్లోకి ఏదీ పోకూడదు. వేలు వద్దు, పాలపీక వద్దు, చెంచా అసలే వద్దు. చిన్న గిన్నె అంచు కింది పెదవికి ఆనించి పొయ్యండి. కుట్టు తెగితే చిల్లు పడుతుంది. రెండోసారి కుట్టడం ఇంత తేలిక కాదు," అంది.

అమ్మ బుద్ధిమంతురాలిలా తలూపింది. మరదలు సిస్టర్‌ని చూడటం మానేసి అమ్మ చేతిసంచీని చూసింది.

మర్నాడు పొద్దున్నుంచి మొదలైంది అసలు కష్టం. గిన్నె దగ్గరికి తెస్తే చాలు, పిచ్చుక పెదాలు బిగించేసి మొహం తిప్పుకునేది. మరదలు బతిమాలింది, పాట పాడింది, చివరికి తనే ఏడ్చింది. పోసినవన్నీ గడ్డం మీంచి కారి మెడ తడిశాయి. తమ్ముడు తన చేత్తో ప్రయత్నించి తన చొక్కాకి బాగా తాగించాడు. మధ్యాహ్నానికి పిల్ల పెదాలు ఎండి తెల్లబడ్డాయి. ఏడవడానికి కూడా ఓపిక లేక మూలిగేది.

డాక్టరమ్మ వచ్చి చూసి పెదవి విరిచింది. "ఎంతసేపని సెలైన్ మీద ఉంచుతాం? సాయంత్రానికి నోటితో తాగకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. అది కుట్లకి ఆనుకునే పోతుంది. ఆ పని చెయ్యడం నాకిష్టం లేదు," అని వెళ్లిపోయింది.

మరదలు పాలు గోరువెచ్చగా చేయించుకురావడానికి వెళ్లింది. నేను తడిసిన దుప్పటి మారుస్తున్నాను. వెనక టింగుమని చప్పుడైంది. తిరిగి చూసేసరికి పిచ్చుక నోరు బార్లా తెరిచి ఉంది, అమ్మ చేతిలో చెంచా దాని నోటికి వేలెడు దూరంలో ఉంది. "అమ్మా!" అని అరిచానో, అరిచాననుకున్నానో. నాకంటే ముందు గుమ్మంలోంచి మరదలు వచ్చి పడింది. అమ్మ మణికట్టు గట్టిగా పట్టుకుంది. పాలన్నీ మంచం మీద ఒలికిపోయాయి.

"చంపేస్తారా దాన్ని? వద్దని చెప్పారా లేదా?"

"లోపలికి పెట్టేదాన్ని కాదే. అంచు నుంచే..."

"ఇవ్వండి. ఇలా ఇవ్వండి అత్తయ్యా!"

చెంచా, అమ్మ ఇంటి నుంచి తెచ్చిన గిన్నె రెండూ లాక్కుని తన సంచీలో పెట్టి జిప్పు లాగేసింది. "మీరు బయట కూర్చోండి," అంది. వార్డంతా మా వైపే చూస్తోంది. ఇంకెవరినైనా అయితే నేను నాలుగు దులిపేసేదాన్ని. ఆ రోజు మాత్రం తడిసిన దుప్పటి మడత పెడుతూ ఉండిపోయాను, ఎందుకంటే మరదలు అన్నదాంట్లో తప్పేమీ లేదు. అమ్మ గోడ పట్టుకుని నడవాలోకి వెళ్లి బెంచీ మీద కూర్చుంది. అంత చిన్నగా ఆవిడని నేనెప్పుడూ చూడలేదు.

పిచ్చుక మళ్లీ పెదాలు బిగించేసింది. కిటికీలో ఎండ పసుపుపచ్చగా మారింది. సిస్టర్ ఒక ట్రేలో సన్నటి గొట్టం, ప్లాస్టరు తెచ్చి బల్ల మీద పెట్టింది. తమ్ముడు ఆ ట్రే చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

పక్క మంచం దగ్గర ఒకావిడ టీలో పంచదార కలుపుకుంటోంది. చెంచా గ్లాసుకి తగిలింది, టింగ్. పిచ్చుక కళ్లు తెరవకుండానే నోరు తెరిచింది.

నేనైతే గమనించకుండా వదిలేసేదాన్నే. జారిన కుట్టు వెతికే కళ్లు కదా, మరదలు పట్టేసింది. పిల్లని చూసింది, గ్లాసుని చూసింది. ఒక్క ఉదుటున లేచి సంచీ జిప్పు తీసి, చెంచా, గిన్నె పట్టుకుని సిస్టర్ దగ్గరికి పరుగెత్తింది. "చెంచా నోట్లో పెట్టం సిస్టర్, చప్పుడు మాత్రమే చేస్తాం. పాలు గిన్నెతోనే పోస్తాను," అంది. సిస్టర్ ఆలోచించి, "నేనిక్కడే నిలబడతాను, కానివ్వండి," అంది.

మరదలు నడవాలోకి వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. మరదలు చెంచా అమ్మ ముందు చాపి, "లోపలికి రండి అత్తయ్యా. మీరు చప్పుడు చెయ్యండి," అంది.

అమ్మ రెండు చేతులూ వెనక్కి లాక్కుంది. "నాకివ్వకు. పొద్దున్నించీ వద్దు వద్దనుకుంటూనే ఉన్నాను. దాని ఎండిన పెదాలు చూసేసరికి చెయ్యి నా మాట వినలేదు. నువ్వు రాకపోతే నోట్లో పెట్టేసేదాన్నే. అంచు నుంచే అన్నది అబద్ధం." కొంగుతో మొహం తుడుచుకుని, "నీకు చేతకాదన్నాను ఆ రోజు. అనకుండా ఉండాల్సింది. పాలు నువ్వే పట్టు, నేను పిల్లని ఎత్తుకుంటాను," అంది.

మరదలు అమ్మ చెయ్యి పట్టుకుని లేపింది.

అమ్మ మంచం మీద కూర్చుని పిచ్చుకని ఒళ్లో నిటారుగా పెట్టుకుంది. అలవాటు ప్రకారం ముక్కు కింద గుడ్డ పట్టింది. మరదలు ఆస్పత్రి గిన్నెలో పాలు తీసుకుంది. ఇంటి గిన్నె, చెంచా తమ్ముడి చేతికి వచ్చాయి. వాడు కంగారులో ఒక్కటిచ్చాడు, వార్డంతా ఉలిక్కిపడింది, పిచ్చుక ఏడుపు లంకించుకుంది.

"గిన్నె సొట్టపెట్టడం కాదురా, పిలవడం. నెమ్మదిగా కొట్టు," అంది అమ్మ.

ఏడుపు సద్దుమణిగింది. టింగ్.

పిచ్చుక నోరు తెరిచింది. మరదలు గిన్నె అంచు కింది పెదవికి ఆనించి కొంచెం వంచింది. పిల్ల గొంతు కదిలింది. అమ్మ గుడ్డ ఇంకాస్త పైకి జరిపి, ముక్కులోంచి రావాల్సిన పాల కోసం ఎదురు చూసింది.

ఏమీ రాలేదు.

అమ్మ గుడ్డ తీసి చూసుకుంది. మడత మార్చి మళ్లీ చూసింది. ఆవిడకి నమ్మకం కుదరక మరదలికి అందించింది. మరదలు దాన్ని చొక్కా తిరగేసినట్టు అటూ ఇటూ తిరగేసి, వేళ్లతో నొక్కి, "పొడిగా ఉంది అత్తయ్యా," అని గట్టిగా ఏడ్చేసింది. అమ్మ కళ్లలోంచి కూడా ధారలు కారుతున్నాయి. నా సంగతి నేను చెప్పుకోను.

"ఏడవడానికి బోలెడు టైముంది," అంది అమ్మ ముక్కు ఎగపీలుస్తూ. "మళ్లీ కొట్టరా. పిల్ల నోరు తెరుచుకునే ఉంది."