వేలు ముడుచుకున్న పాట

ఆ శనివారం సింగపూర్‌లోని బూన్ లేలో మా అమ్మాయి శ్రావణి రిహార్సల్‌కు నేనూ వెళ్ళాను. వాళ్ళది ఫోక్ మెటల్ బ్యాండ్. గిటార్లు, డ్రమ్స్ హోరెత్తుతుంటే, వాటి మీద ఐర్లండ్ పల్లెల్లో గంతులేసే నాట్యాల వరసలను శ్రావణి వయొలిన్ నడిపిస్తుంది. చిన్నప్పుడు కింద కూర్చుని కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్ల, పాలిటెక్నిక్‌లో డ్రమ్మర్ ఫైజల్‌తో కలిసి ఈ బ్యాండ్ పెట్టాక నిలబడి వాయించడం అలవాటు చేసుకుంది. ఆల్బమ్ వచ్చింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పిలుపు, యూరప్‌లో ఒక ఫెస్టివల్ నుంచి, అప్పుడే అందింది.

వేగం అందుకోగానే శ్రావణి ఎడమ చేతి ఉంగరపు వేలు అరచేతిలోకి ముడుచుకుంది. విదిలించి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ముడుచుకుంది.

"నొప్పా అమ్మా?"

"నొప్పేం లేదు నాన్నా. టైర్డ్ లా," అంది ఇక్కడి సింగపూర్ యాసలో.

ఇంటికొచ్చి కాకినాడలోని పాత వయొలిన్ టీచర్‌కు ఫోన్ చేసింది. "సాధకం తగ్గింది తల్లీ. వర్ణం మూడు కాలాల్లో పట్టు," అన్నారావిడ. వేలు తడబడితే, ఒకే పాఠాన్ని మూడు వేగాల్లో వాయించడం, మాకు తెలిసిన మందు అదొక్కటే. మా సెంబవాంగ్ ఫ్లాట్‌లో పొద్దున్నా సాయంత్రమూ వర్ణమే. నా డైరీలో ఆ వారాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి: "సాధకం చేసింది. వేలు నిన్నటికంటే ముందే ముడుచుకుంది."

పాలీక్లినిక్‌లో చెయ్యి చూసి బాగానే ఉందన్నారు. ఎం.ఆర్.ఐ. నార్మల్. నరాల పనితీరు చూసే నెర్వ్ కండక్షన్ టెస్ట్ నార్మల్. అదే చేత్తో టైప్ చేస్తుంది, సంచులు మోస్తుంది. చివరికి ఒక న్యూరాలజిస్ట్, "వయొలిన్ తెచ్చి వాయించు," అన్నాడు. కాసేపు విని ఆపమన్నాడు.

"ఫోకల్ డిస్టోనియా. తప్పు చేతిలో లేదు, మెదడులో ఉంది. ప్రాక్టీస్ చేసేకొద్దీ ఆ తప్పునే నేర్చుకుంటుంది. ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

"ప్రాక్టీస్, డాక్టర్."

ఆయన కలం పక్కన పెట్టాడు.

"ఫెస్టివల్‌కు వెళ్ళగలనా?"

"పూర్తిగా కోలుకునేవాళ్ళు తక్కువ."

ముంజేతికి, కండరం బిగుసుకోకుండా సడలించే బోటాక్స్ ఇంజెక్షన్ ఇచ్చారు. వేలు ముడుచుకోవడం తగ్గింది, కానీ తీగ నొక్కే బలమూ పోయింది. ఫైజల్ వచ్చి ఫెస్టివల్ మానేద్దామన్నాడు.

"పిచ్చా? నా రికార్డింగ్ ఉందిగా, ల్యాప్‌టాప్‌లో వేసుకోండి. అదైతే నాలా మీ బస్సులో నిద్రపోదు," అంది శ్రావణి.

వాళ్ళు వెళ్ళారు. ఆ ఫెస్టివల్ వీడియో మేమిద్దరం సోఫాలో కూర్చుని చూశాం. స్టేజీ మీద శ్రావణి నిలబడే చోటు అలాగే వదిలేశారు. వయొలిన్ మాత్రం వినిపిస్తోంది. పాట సగంలో ఉండగా శ్రావణి లేచి వంటింట్లోకి వెళ్ళింది.

వాళ్ళు యూరప్ నుంచి తిరిగొచ్చాక బ్యాండ్ సాగలేదు. "ఆ ఖాళీ వైపు చూస్తూ వాయించలేం, అంకుల్," అన్నాడు ఫైజల్. ఇప్పుడతను చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉద్యోగం చేస్తున్నాడు.

శ్రావణికి చేతి థెరపిస్ట్ పెట్టిన నియమం ఒకటే: నెమ్మదిగా వాయించాలి, వేలు ముడుచుకోబోతుంటే ఆపెయ్యాలి. కొన్ని ఆదివారాలు ఫైజల్ భోజనానికి వస్తాడు. తిన్నాక శ్రావణి వాళ్ళ మొదటి పాట అందుకుంటుంది. పాట ఎప్పుడూ ఒకే చోట ఆగిపోతుంది. మిగిలింది ఫైజల్ టేబుల్ మీద వేళ్ళతో కొడతాడు.

"నీ డ్రమ్స్ కంటే మా టేబులే నయం," అంటుంది. ఆమె చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంటుంది.

వాయిద్యం వాయించేవాళ్ళున్న ఇళ్ళకు ఒక్క మాట. నొప్పి లేకుండా వేలు మాట వినకపోతే సాధకం పెంచకండి, ఆపండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు వాయిద్యం వెంట తీసుకెళ్ళండి. మా అమ్మాయి ఖాళీ చేతిలో ఎవరికీ ఏ జబ్బూ కనబడలేదు.