జావకు సగం మార్కు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పోయినవారి మీద విసుక్కుంటే ఏం బాగుంటుంది? కానీ మా క్విజ్ మాస్టారు గురువారం పొద్దున ఏలూరు ఆస్పత్రిలో పోయారని ఫోను రాగానే, ఏడుపు కంటే ముందు చిరాకొచ్చిందండీ నాకు. ఆదివారం తీర్పు చెబుతానన్న మనిషి గురువారమే వెళ్ళిపోతే ఎలా?

తాడేపల్లిగూడెంలో సైన్సు చెప్పి రిటైరయ్యారాయన. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో మా ముసలాళ్ళని కూర్చోబెట్టి ప్రశ్నలడిగేవారు. చర్చికెళ్ళేవాళ్ళూ, నాలాగా గుడికెళ్ళేవాళ్ళూ అందరం చేరేవాళ్ళం. ఎంత అడ్డదిడ్డంగా చెప్పినా తప్పు అనేవారు కాదు. "దగ్గర్లోనే తిరుగుతున్నారండీ" అనేవారు. గణపవరం రైతు ఒకాయన కంబోడియాని తీసుకెళ్ళి ఆఫ్రికాలో పెట్టినప్పుడూ అదే మాట. ఎవరైనా జవాబు తెలీక నీళ్ళు నములుతుంటే, "తెలీదు అనడానికి మార్కు లేదు గానీ మర్యాద ఉందండీ" అనేవారు.

నేను బడికెళ్ళింది తక్కువ. కొల్లేటికోట వైపు చేపల లారీల వెంట తిరుగుతూ, పొట్లాల కాగితాలు చదువుకున్నవాణ్ణి. అన్నట్టు, మన చెరువుల్లో పెంచే పంగస్ చేప సొంతూరు మెకాంగ్ నది అని చెప్పింది ఆయనే. ఏళ్ళ తరబడి దాన్ని ఐసులో పెట్టి పంపానే గానీ, ఏ ఊరని ఏనాడూ అడగలేదు. సరే, అసలు సంగతికొస్తాను.

పోయిన నెల ఒక ప్రశ్న అడిగారు: "ఒక ద్వీపం పేరూ, తాగేదాని పేరూ ఒకటే. ఏమిటది?"

"జావ!" అన్నాను, కుర్చీలోంచి లేచి మరీ.

"సగం మార్కండీ."

"సగమేంటండీ?"

"నేననుకున్నది కాఫీ. ఆ ద్వీపం పేరుతోనే కాఫీని జావా అంటారు అమెరికావాళ్ళు. మీది రాగిజావ. పైగా దీర్ఘం లేదు."

"పొద్దున్నే తాగొచ్చుంటారండీ, అదే నోట్లోంచి వచ్చేసింది" అన్నాడు రైతు. గదంతా నవ్వు.

నేనూరుకుంటానా? ఆ ద్వీపం పాతపేరు యవద్వీపం. యవలంటే బార్లీ. బార్లీ కాస్తే వచ్చేదేమిటి? జావే కదా! ఒక్క దీర్ఘానికి మార్కు కోసేస్తారా? వారం వారం పట్టుకున్నాను. చివరికి, "వాదన బాగుందండీ. రెంటికీ చుట్టరికం ఉందో లేదో తెలుగు పంతులుగారినెవరినైనా అడిగి ఆదివారం చెబుతాను. అప్పటిదాకా సగమే" అన్నారు.

ఇప్పుడు మా మనవల్ని ఫోనులో చూడమంటే, ఒకడు అవునంటాడు, ఇంకొకడు కాదంటాడు. ఆ ఫోను మాట నాకెందుకండీ? ఆయన ఇవ్వాలి ఆ మిగతా సగం.

భూస్థాపన రోజున మాస్టారి భార్యని పలకరించాను. ఉండబట్టలేక, "అమ్మగారూ, ఆ జావ సంగతి మీతో ఏమైనా అన్నారా?" అని అడిగేశాను. పక్కనుంచి మా ఆవిడ గట్టిగా గిల్లింది.

అమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. "అన్నారండీ. ఆస్పత్రిలో కూడా అది తలుచుకుని నవ్వారు. ఏం తేలిందండీ అంటే, నాకూ ఆదివారం చెబుతాననే అన్నారు."

ఆదివారం అందరం వెళ్ళాం. ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కాసేపటికి రైతు గొంతు సవరించుకుని, "థాయిలాండ్ రాజధాని ఏదండీ?" అన్నాడు.

అందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు.

వాచ్‌మన్ వచ్చి ఫ్యాను కట్టేశాడు. లేచాం.