గేటు లీడర్

ఆ రోజుల్లో పిల్లల గురించి నాకు తెలియని విషయమంటూ లేదు. టీచర్ ట్రైనింగ్ అప్పుడే పూర్తయింది, పిల్లలెవరూ ఇంకా నా చేతికి రాలేదు, కాబట్టి అంతా తెలుసు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల జూన్ నుంచి దసరా సెలవుల దాకా ఏమేం నేర్చుకోవాలో నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేదాన్ని. అక్షరాలు, అంకెలు, చేతులు కడుక్కోవడం, వరసలో నిలబడటం, పెద్దవాళ్లు అడిగితే బెదరకుండా జవాబు చెప్పడం. చేవెళ్లలో మా ఇంట్లో ఈ పాఠాలన్నిటినీ ముందుగా మా బాపు మీదే ప్రయోగించాను. ఆదివారం చర్చికి పోయొచ్చి అన్నం కోసం ఎదురుచూస్తున్న మనిషి పాపం, అంతా ఓపికగా విని, "అన్నీ మంచిగనే ఉన్నయి బిడ్డా, గని పోరగాండ్లు ఇంట్ల ఏం నేర్చుకొని వస్తరో అది గూడ జర సూడు" అన్నాడు. (మా బాపు మాటలకు నాకు కోపం వెంటనే వచ్చేది, అర్థం మాత్రం తీరిగ్గా అయ్యేది.)

ఉద్యోగం మొయినాబాద్ మండలంలో, చిన్న మంగళారం దాటి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న బడిలో దొరికింది. తాత్కాలికమే. రెండు గదులు, ఒక వేపచెట్టు, గొలుసు తగిలించే ఇనుప గేటు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ హెడ్‌సారు, నేను. చుట్టూ ఒకప్పటి జొన్నచేలు, కూరగాయల తోటలు అన్నీ ఫామ్‌హౌసులైపోయాయి. మా పిల్లలంతా ఆ ఫామ్‌హౌసుల్లో పనిచేసే వాచ్‌మన్ల, తోటమాలుల, వంటవాళ్ల బిడ్డలు. మొదటి వారం వాళ్లు చప్పుడు చేయకుండా కూర్చుంటే నా ముఖంలోనే ఏదో మహిమ ఉందనుకుని మురిసిపోయాను. తర్వాత తెలిసింది. ఫామ్‌హౌస్ యజమాని, అంటే సేటు, కారు లోపలికొస్తే పిల్లలు నోరు మూసుకుని గది వెనక్కి పోవాలి. నడక వచ్చాక వాళ్లు నేర్చిన మొదటి పాఠం అది. నన్నూ సేట్లలో జమకట్టారు, అంతే. ఇంటర్వెల్లో ఆడే ఆట కూడా ఫామ్‌హౌస్ ఆటే. ఒకడు నోటితో హారన్ కొడుతూ కార్లో వస్తాడు, ఒకడు గేటు తీసి సలాం చేస్తాడు, మిగిలినవాళ్లు దాక్కుంటారు. దాగుడుమూతల్లో అయితే వెతికేవాడు ఉంటాడు. ఈ ఆటలో దాక్కున్నవాళ్లను ఎవరూ వెతకరు. వాళ్ల ఆట చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

ఆ పిల్లల్లోనూ ఒక వాచ్‌మన్ బిడ్డ మరీ మూగనోము పట్టింది. అందరం బుడ్డి అనేవాళ్లం. పలక మీద అక్షరాలు ముత్యాల్లా దిద్దేది, నోరు మాత్రం విప్పేది కాదు. చాక్లెట్ ఇస్తే తీసుకునేది, పాట పాడితే వినేది, పేరడిగితే నేల చూసేది. వాళ్ల నాయనను పిలిపించాను. "మా గదిల ఉంటె మస్తు మాట్లాడతది మేడం. బయట సప్పుడు చేస్తె సేటు మమ్ముల ఎల్లగొడతడని మేమే భయపెట్టినం" అన్నాడాయన, తప్పు చేసినవాడిలా చేతులు కట్టుకుని. ఆ చేతులు చూశాక నాకు తిట్టడానికి మనసొప్పలేదు. సెలవుల్లోపు దీని గొంతు వినకపోతే నా ట్రైనింగ్ దండగ అని మాత్రం పంతం పట్టాను.

వానలు వెనకపట్టే వేళకు కబురు వచ్చింది. పిల్లలు పలచబడ్డారు కాబట్టి మా బడిని మెయిన్ రోడ్డు అవతలి పెద్ద బడిలో కలిపే ఆలోచన ఉందట, ఆఫీసరొకాయన వచ్చి పిల్లలకు ఏమొచ్చిందో చూసి పైకి రాస్తాడట. ఆ రోడ్డు మీద టిప్పర్లు, కార్లు ఎట్లా పోతాయో చూసినవాళ్లకు తెలుసు. బుడ్డి వాళ్లమ్మ ఆ మాట వినగానే, "నేను పొద్దంత వంటల ఉంట, వాళ్ల నాయన గేటిడిసి రాడు. రోడ్డెవలు దాటిస్తరు మేడం? గట్లయితె పంపను" అనేసింది. మిగతా తల్లులదీ అదే మాట. హెడ్‌సారు ఎప్పటిలాగే "ఫికర్ చెయ్యకు బిడ్డా" అన్నాడు గానీ ఆయన టీ గ్లాసులోనే చల్లారిపోయింది.

ఇక నేను నడుం బిగించాను. పద్యం, ఎక్కాలు, వారాల పేర్లు, అందరి చేతా రోజూ వల్లె వేయించాను. ట్రైనింగ్‌లో చెప్పినట్టు పిల్లలకు బాధ్యతలు కూడా పంచాను. నీళ్ల లీడర్, బోర్డు లీడర్. నోరు విప్పే పని లేదని బుడ్డిని గేటు లీడర్‌ని చేశాను. గొలుసు తగిలించడం, గేదెలు రాకుండా చూడటం, అంతే పని. బుడ్డి ముఖం వెలిగిపోయింది.

ఆఫీసరు రావాల్సిన రోజు కాక ముందురోజే వచ్చాడు. హెడ్‌సారు మధ్యాహ్న భోజనానికి గుడ్లు తేవడానికి మొయినాబాద్ పోయాడు. నేను వారాల పేర్లు చెప్పిస్తుంటే బయట హారన్ మోగింది. వెంటనే నేనెప్పుడూ వినని గొంతు ఒకటి గంటలా మోగింది.

"ఎవరు గావాలె?"

కిటికీ దగ్గరికి పరుగెత్తాను. గేటు పట్టుకుని బుడ్డి! బయట తెల్ల కారు, కారులో పెద్దమనిషి.

"గేటు తియ్యమ్మా, బడి చూడనీకె వచ్చిన."

"ఇది అమ్మేది లేదు." (స్థలాలు చూడటానికి వచ్చేవాళ్లకు ఆ చుట్టుపక్కల ప్రతి గేటు దగ్గరా చెప్పే మాట అదే.)

"కొనటానికి కాదమ్మా. సార్ ఉన్నడా?"

"సార్ లేడు. సిటీకి పోయిండు. ఫోన్ చేసి రాన్రి."

"మరి మేడం?"

"మేడం గూడ లేదు."

"లోపల పాఠం చెప్తున్నది ఎవరు మరి?"

"పనామె" అంది బుడ్డి, ఏమాత్రం తడుముకోకుండా. "బండి జర పక్కకు పెట్టున్రి. గేటు ముంగట పెట్టొద్దు. కుక్కను ఇడిసినం."

(మా బడి కుక్క వేపచెట్టు కింద ఒళ్లెరగక నిద్రపోతోంది.)

నేను పరుగున పోయి గొలుసు తీయాలి కదా. తీయలేదు. కిటికీ ఊచలు పట్టుకుని, కళ్లనిండా నీళ్లతో, ఆ గొంతునే వింటూ నిలబడ్డాను. టర్మంతా ఆ గొంతు కోసమే కాచుకున్నాను. కారులో ఉన్నది ఎవరన్న ఆలోచనే రాలేదు. ఆ ఆలోచన వచ్చేసరికి ఆయనే కిందికి దిగి, చేయి పెట్టి గొలుసు తీసుకుంటున్నాడు.

పాపం ఆయన మంచివాడే, నవ్వుతూనే లోపలికొచ్చాడు. కానీ కారు దిగిన పెద్దమనిషి గుమ్మంలో కనపడగానే మా తరగతి మొత్తం ఏం చేయాలో అదే చేసింది. ఇద్దరు బెంచీల వెనక్కి పోయారు, మిగిలినవాళ్లు నోళ్లు మూసుకున్నారు. వారాల పేర్లడిగితే లేదు, పద్యమడిగితే లేదు, పేరడిగితే లేదు. బతిమాలాను, కసిరాను, నేనే పద్యం మొదలుపెట్టాను. చివరిదాకా నేనొక్కదాన్నే పాడాను. ఆయన వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, "ఆ పాప ఒక్కతే మాట్లాడింది మేడం" అన్నాడు. బుడ్డి ఆయనకు సలాం కొట్టి గొలుసు తగిలించింది.

దసరా సెలవుల ముందు ఉత్తర్వు వచ్చింది. సెలవుల తర్వాత ఈ బడి ఉండదు. ఆఖరి రోజు హెడ్‌సారు గదులకు తాళాలు వేసి, ఆ తాళాలు ఎవరికివ్వాలో తోచక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. పిల్లలంతా వెళ్లాక కూడా బుడ్డి గేటు దగ్గరే ఉంది. గొలుసు తగిలించి నా వైపు తిరిగింది.

"రేపటికెల్లి ఎవరన్నొస్తె ఏమని చెప్పాలె మేడం?"

నాతో అది మాట్లాడిన మొదటి మాట. ఆ ఒక్క మాట కోసం ఎన్ని పాటలు పాడానో! "సెలవులని చెప్పు" అన్నాను. బుడ్డి బుద్ధిగా తలూపింది.

ఆ తర్వాత వాళ్ల సేటు ఫామ్‌హౌస్ అమ్మేశాడనీ, ఆ కుటుంబం చందనవెల్లి వైపు ఫ్యాక్టరీ పనికి పోయిందనీ విన్నాను. ఆ పిల్లను మళ్లీ ఎవరైనా బడికి పంపారో లేదో తెలియదు. ఇప్పుడు నాది చేవెళ్ల దగ్గర పర్మనెంటు ఉద్యోగం. పిల్లలు వస్తూనే చప్పుడు చేయకుండా కూర్చుంటే మురిసిపోను, భయమేస్తుంది.

మొన్న అటు పనిమీద వెళ్లి ఆ బడి ముందు ఆగాను. అదే గేటు, అదే గొలుసు, లోపల నడుమెత్తు గడ్డి. ఎవరైనా "ఎవరు గావాలె?" అని అడుగుతారేమోనని కాసేపు నిలబడ్డాను. ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, నేనిక్కడి పనామెనని చెప్పుకునేదాన్ని.